నేను వాడుకున్న గొంతు

మా అమ్మ ప్రైవేటు బడిలో తెలుగు టీచరు. మా ఇంట్లో 'ఏంది' అంటే చెంప మీద ఒకటి పడేది. గట్టిగా కాదు, గుర్తుండేటంత. "ఏమిటి అనాలి. ఆ బస్తీ మాటలు కిందే వదిలేసి రా" అనేది. మేం కృష్ణా జిల్లా వాళ్ళం. నాన్నకి నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో గుమాస్తా ఉద్యోగం దొరికితే, నాకు ఊహ తెలియకముందే ఇక్కడికి వచ్చేశాం. ఇన్నేళ్ళయినా అమ్మ మాటలో ఒక్క అక్షరం మారలేదు. అది ఆవిడకి గర్వం.

మేం ఉన్నది పై పోర్షన్. కింద ఇంటి ఓనరు ఉండేది. ఆవిడని నేను పెద్దమ్మ అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పుడు అలవాటైన పిలుపు. పెద్దమ్మ భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు, పెళ్ళయి నాగారంలో ఉంది. పెద్దమ్మ నాచారంలోనే ఒక దారం మిల్లులో ఇరవై ఏళ్ళు పనిచేసింది. మిల్లు మూతపడ్డాక ఇంటిపట్టునే ఉండేది.

నాకు బడి నాలుగింటికి అయిపోయేది. అమ్మ ట్యూషన్లు చెప్పుకుని ఆరున్నరకి వచ్చేది. ఆ రెండున్నర గంటలూ నేను పెద్దమ్మ దగ్గరే. ఆవిడ నాకు చాయ్‌లో ముంచుకోవడానికి ఉస్మానియా బిస్కెట్లు పెట్టి, మంచం మీద తన పక్కన చోటిచ్చేది. మెట్లు దిగేటప్పుడు నా మాట మారిపోయేది. ఎక్కేటప్పుడు మళ్ళీ మారిపోయేది. ఆ మార్పు నాకు తెలిసేది కాదు. అమ్మకి మాత్రం తెలిసేది.

నేను ఏడో తరగతిలో ఉండగా పెద్దమ్మ అల్లుడు ఆవిడకో డీవీడీ ప్లేయర్ కొనిచ్చాడు. నాచారం మెయిన్ రోడ్డు మీద డిస్కులు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. మేమిద్దరం కలిసి వెళ్ళాం. ఎవరూ తీసుకెళ్ళని విదేశీ డిస్కులు ఒక అట్టపెట్టెలో పడేసి ఉన్నాయి. పెద్దమ్మ అందులోంచి ఒకటి తీసింది. అట్ట మీద ఒక ఆడమనిషి, తడిసిన జుట్టు, ముఖంలో రక్తం లేదు.

"గీ సినిమా వద్దు పెద్దమ్మా, దయ్యం సినిమా" అన్నాను.

"దయ్యమా? నాకేమో సెకండ్ షిఫ్ట్ చేసి ఇంటికి పోతున్న పిల్ల లెక్క అవుపడ్తున్నది" అంది. అదే తీసుకున్నాం.

అది జపాన్ సినిమా. కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. పెద్దమ్మకి ఇంగ్లీషు రాదు, నాకు అంతంతమాత్రం. నేను ఆ అక్షరాలు గబగబా చదివి తెలుగులో చెప్పాలి. తెలియని మాట వస్తే కల్పించి చెప్పాలి. అలా మొదటిసారి ఒక మనిషి నా మాట కోసం ఎదురుచూడడం నాకు అనుభవమైంది. నేను ఆగితే "ఆఁ, ఏమంటున్నది?" అని మోచేత్తో పొడిచేది.

మన సినిమాల్లో దయ్యం వస్తే ఇంకో గంటలో ఎవరో ఒక స్వామి వస్తాడు. నిమ్మకాయ, విభూతి, మంత్రం, దయ్యం పోతుంది, ఇంటిల్లిపాదీ ఫోటో దిగుతారు. ఆ జపాన్ సినిమాల్లో ఎవరూ వచ్చేవారు కాదు. దయ్యం అరవదు, పరిగెత్తదు. గది మూలన నిలబడి ఉంటుంది. ఇంట్లోవాళ్ళు అన్నం తింటుంటారు. ఆ నిలబడడం చూస్తుంటే నా చేతుల మీద వెంట్రుకలు లేచేవి. పెద్దమ్మ మాత్రం ఎప్పుడూ భయపడలేదు. ఆవిడ దయ్యం పక్షాన ఉండేది.

ఒక సినిమా బాగా గుర్తు. ఒక కోడలు చనిపోతుంది. ప్రతి సాయంత్రం ఖాళీ వంటింట్లో బియ్యం కడుగుతున్న చప్పుడు వస్తుంది. భర్త ఇల్లు మారతాడు, చప్పుడు వెంటే వస్తుంది. రెండో పెళ్ళి చేసుకుంటాడు, కొత్త పెళ్ళాం ఆ చప్పుడు విని వణికిపోతుంది. చివరికి ఒకరోజు ఆ కొత్త పెళ్ళాం వంటింట్లోకి వెళ్ళి, కనబడని ఆ మనిషి పక్కన కూర్చుని తనూ బియ్యం కడగడం మొదలుపెడుతుంది. అక్కడ సినిమా అయిపోయింది.

నాకు అర్థం కాలేదు. పెద్దమ్మ డిస్కు తీసి డబ్బాలో పెట్టింది. తర్వాత అంది, "ఆమె భయపెట్టనీకె రాలే బిడ్డా. సచ్చినంక గూడ పని ఒడ్వలే ఆమెకు."

చచ్చినా పని తీరకపోవడం, ఆవిడకి అందులో కనబడింది అదే. నాలుగేళ్ళు అలా చూశాం. ఆ కొట్టతను మా కోసమే ఆ పెట్టెలోకి కొత్తవి తెచ్చేవాడు. నేను పదో తరగతిలో ఉండగా ఒక సినిమాలో ఫ్యాక్టరీ వచ్చింది. పని చేస్తూ చచ్చిపోయిన ఒక పిల్ల, యూనిఫాంతోనే, చేతులు కడుక్కునే పంపుల దగ్గర నిలబడి ఉంటుంది. పెద్దమ్మ రిమోట్ తీసుకుని ఆపేసింది. సినిమా మధ్యలో ఆపడం ఆవిడకి అలవాటు లేదు.

"మా మిల్లుల ఒకామె ఉండె" అని మొదలుపెట్టింది. పక్క మిషన్ మీద పనిచేసే మనిషట. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చేవారట. ఒకరోజు ఆమెకి జ్వరం. సూపర్‌వైజర్ ఇంటికి పొమ్మన్నాడు. సామాన్లు సర్దుకుంటోంది.

"నేనే ఉండుమన్న బిడ్డా. పది నిమిషాలు ఆగు, షిఫ్టు అయిపోతది, ఇద్దరం కలిసి పోదామన్న. నాకు ఒక్కదాన్నే బస్సుల పోబుద్ధి గాలే. గంతే. ఆమె సరే అని మల్ల మిషన్ కాడ నిలవడ్డది. కొంగు మిషన్ల పడి గుంజుకపోయింది, పానం దక్కలే."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"మీ పెదనాయినకు గూడ జెప్పలే. ఎవ్వలకు జెప్పలే. నీకెందుకు జెప్తున్ననో" అని మళ్ళీ బటన్ నొక్కింది. సినిమా నడిచింది. నేను తర్జుమా చేస్తూ పోయాను, ఆవిడ వింటూ పోయింది.

తర్వాత నా చదువు, పోచారంలో ఉద్యోగం. పెద్దమ్మ దగ్గర కూర్చోవడం తగ్గింది. రోజూ గేటు దగ్గర కనబడేది. "తిన్నవా బిడ్డా?" అనేది. "తిన్న పెద్దమ్మా" అని మెట్లెక్కేదాన్ని. అంతవరకే.

ఆఫీసులో నా పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం. మీటింగుల్లో నేను నోరు విప్పేది తక్కువ. నా ఇంగ్లీషుకి నాకే నమ్మకం లేదు. నా తెలుగు విని ఇక్కడివాళ్ళు ఆంధ్రా అనేవాళ్ళు, ఆంధ్రావాళ్ళు ఉప్పల్ అనేవాళ్ళు. ఇంటి నుంచి పని చేసే రోజులు వచ్చాయి. ఒక్కదాన్నే గదిలో కూర్చుని మళ్ళీ ఆ జపాన్ సినిమాలు వెతుక్కుని చూడడం మొదలుపెట్టాను. చూసినవాటి గురించి ఎవరితోనైనా చెప్పాలనిపించింది. అలా ఒక ఛానెల్ తెరిచాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం లైవ్. ఆ సమయానికి అమ్మా నాన్నా భోంచేసి పడుకునేవారు. గొంతు గోడలకి కొట్టుకోకుండా బీరువా తలుపులు తెరిచి, వాటి మీద దుప్పట్లు వేసి, మధ్యలో స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని.

మొదట ఇంగ్లీషులో చేశాను. ముగ్గురు చూశారు. అందులో ఒకళ్ళు మా పిన్ని కూతురు. తర్వాత తెలుగులో చేశాను, అమ్మ నేర్పిన తెలుగులో. "ప్రేక్షకులకు నమస్కారం. నేటి చిత్రం యొక్క కథాంశం ఏమిటంటే" అని. చాట్‌లో ఒకతను రాశాడు, "అక్కా, సాయంత్రం వార్తలు చదువుతున్నట్టుంది." నిజమే. రికార్డింగ్ మళ్ళీ విన్నాను. అది ఎవరి గొంతో నాకు తెలియలేదు. ఎనిమిది నెలలు అలాగే చేశాను. పది మంది, పన్నెండు మంది. కింద రోడ్డు మీద పాత ఇనప సామాన్లు కొనే బండివాడి మైకుకి నాకంటే ఎక్కువ మంది జవాబు చెప్పేవారు.

ఒక ఆదివారం బియ్యం కడిగే సినిమా చెప్తున్నాను. చివరికొచ్చాను. ఆ కొత్త పెళ్ళాం పక్కన కూర్చుని బియ్యం కడగడాన్ని ఎలా చెప్పాలో మాట దొరకలేదు. చాట్ ఖాళీగా ఉంది. అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది.

"ఆమె భయపెట్టనీకె రాలే బిడ్డా. సచ్చినంక గూడ పని ఒడ్వలే ఆమెకు."

అదే యాస, అదే ఆగడం, చివర్లో ఆ చిన్న నిట్టూర్పు. నాకు తెలియకుండా నా గొంతు కిందికి దిగిపోయి ఆవిడ గొంతైపోయింది. చాట్ ఒక్కసారిగా కదిలింది. 'ఇదెవరు అక్కా', 'మస్తుంది', 'మా అమ్మమ్మ గుర్తొచ్చింది', 'మళ్ళీ అను'. నా చెవులు వేడెక్కాయి. మళ్ళీ అన్నాను.

ఆ వారం నేను నేలమీద నడవలేదు. నా గొంతు నాకు దొరికిందని అనుకున్నాను. డైరీలో అలాగే రాసుకున్నాను కూడా.

మొదట్లో "మా పెద్దమ్మ అంటుండేది" అని చెప్పి అనేదాన్ని. రెండు నెలలకి ఆ ముక్క పోయింది. నేరుగా ఆవిడ గొంతులోనే మొదలుపెట్టి ఆవిడ గొంతులోనే ముగించేదాన్ని. దయ్యం తలుపు దగ్గర నిలబడితే "ఏందమ్మా గట్ల నిలవడ్డవ్, లోపలికి రా, చాయ్ తాగుతవా" అనేదాన్ని. వాళ్ళు పడీపడీ నవ్వేవారు. నవ్వు తగ్గిన వారం నాకు దిగులు పట్టుకునేది. దాంతో ఇంకొంచెం కలిపాను. పెద్దమ్మ ఎన్నడూ అనని బూతులు ఆవిడ నోట పెట్టాను. లేని దగ్గు పెట్టాను. ఆవిడ జన్మలో ముట్టని కల్లు తాగించాను. మొదట ఆవిడ దయ్యం పక్షాన ఉండే మనిషి. నా చేతిలో పడ్డాక దయ్యాన్ని చూసి వెకిలిగా మాట్లాడే ముసలమ్మ అయింది. వందలు వేలయ్యాయి.

ఆవిడ సరిగ్గా నా కిందే ఉండేది. నా స్టూలు కింద గచ్చు, గచ్చు కింద ఆవిడ మంచం. ఒకసారి గేటు దగ్గర ఆపింది.

"ఐతారం ఐతారం పైన ఏం లొల్లి బిడ్డా?"

"ఆఫీసు మీటింగు పెద్దమ్మా."

"ఐతారం గూడనా? గంతగనం నవ్వుతవేంది మీటింగుల?"

"నవ్వకపోతే ఉద్యోగం తీసేస్తరు పెద్దమ్మా" అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు ఆ జవాబు తర్వాతి వారం లైవ్‌లో వాడుకోవచ్చనిపించింది. వాడుకున్నాను కూడా.

ఆపేయాల్సిన చోటు అదే. ఆపలేదు.

ఒక వారం చెప్పడానికి సరైన సినిమా దొరకలేదు. చాట్‌లో ఆ గొంతుని అందరూ ఆంటీ అనేవారు. ఎవరో అడిగారు, "ఆంటీకి నిజంగా దయ్యం కనబడిందా ఎప్పుడైనా?" నేను కళ్ళు మూసుకుని, ఆవిడ గొంతులో, మిల్లు కథ చెప్పాను. జ్వరం, సామాన్లు సర్దుకోవడం, పది నిమిషాలు ఆగు అనడం, కొంగు. చెప్తుంటే నా గొంతు నిజంగానే వణికింది. అక్కడితో ఆగి ఉంటే నా గురించి నేను ఏమనుకునేదాన్నో. ఆగకుండా, ఆ చనిపోయిన మనిషి ఇప్పటికీ సాయంత్రం బస్సులో నా పక్క సీట్లో కూర్చుంటుందనీ, టికెట్ అడిగితే కొంగు చూపిస్తుందనీ కల్పించాను. కొంగు దగ్గర ఒక జోకు కూడా వేశాను. ఏం జోకో ఇక్కడ రాయను.

నేను చేసినవాటన్నిటిలో ఎక్కువ మంది చూసింది అదే. ఆ ముక్క ఒక్కటి కత్తిరించి ఎవరెవరో వాళ్ళ పేజీల్లో పెట్టుకున్నారు. దానికి తమాషా పాటలు కలిపారు. ఆడపిల్లలు పెదాలు కదుపుతూ, కొంగు లాక్కుంటూ వీడియోలు చేశారు.

అమ్మకి బడిలో ఎవరో చూపించారు. నేను భయపడ్డాను, ఆ మాటలకి చెంప దెబ్బ తిన్న పిల్లని కదా. అమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతూ ఇంటికి వచ్చింది.

"అచ్చు కిందావిడే. ఎలా పట్టేశావే? మా హెడ్ మిస్ట్రెస్ అయితే మూడుసార్లు చూసింది."

"బస్తీ మాటలు కదమ్మా" అన్నాను.

"నువ్వు అలా మాట్లాడవని అందరికీ తెలుసుగా. నటనేగా" అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. కానీ ఆ రోజు నాకు సంతోషమే ఎక్కువ. ముప్ఫై ఏళ్ళు వస్తున్నాయి, అమ్మ నన్ను చూసి అంతలా నవ్వడం అదే మొదటిసారి.

పది రోజుల తర్వాత పెద్దమ్మ కూతురు నాగారం నుంచి వచ్చింది. సరాసరి మెట్లెక్కి పైకి వచ్చింది. నాకంటే పదేళ్ళు పెద్దది, నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. కూర్చోలేదు. ఫోను నా ముందు పెట్టింది. అందులో నేను, వాళ్ళమ్మ గొంతులో.

"ఇది నువ్వేనా?"

"అక్కా, అది ఊరికే సరదాకి."

"మా ఆడిబిడ్డ పెండ్లిల సూపించిన్రు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన మొదాలు. తర్వాత ఇన్న. మా అమ్మ గొంతు నాకెరుక గాదా?" ఆమె గొంతు పెరగలేదు. "గా మిల్లు ముచ్చట నిజమేనా?"

నేను తల వంచుకున్నాను.

"నాకు గూడ జెప్పలే మా అమ్మ. కడుపుల పుట్టిన బిడ్డకు జెప్పలే, నీకు జెప్పింది. నువ్వు గిట్ల జేసినవ్."

"పెద్దమ్మ చూసిందా?"

"నేనే సూపించిన. బయటోళ్ళ ఫోన్ల సూసే కంటే మంచిదని."

ఆమె వెళ్ళిపోయింది. ఆ క్లిప్ వెంటనే తీసేశాను. పెద్దమ్మ గొంతు ఉన్నవన్నీ తీసేశాను. నా ఛానెల్‌లో దాదాపు ఏమీ మిగల్లేదు.

మర్నాడు సాయంత్రం కిందికి వెళ్ళాను. ఏం చెప్పాలో మెట్ల మీద పదిసార్లు అనుకున్నాను. కాళ్ళు పట్టుకోవాలనుకున్నాను. తిడితే తిట్టించుకోవాలి, కొడితే కొట్టించుకోవాలి. ఇవన్నీ ఊహించుకున్నాను. జరిగినది ఊహించలేదు.

పెద్దమ్మ తలుపు తీసింది. ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది, ఎక్కడికో వెళ్ళేదానిలా.

"రండి. కూర్చోండి" అంది.

నాకు అర్థం కాలేదు. వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాను.

"పెద్దమ్మా."

"చెప్పండి. ఏమైనా తీసుకుంటారా? టీ పెట్టమంటారా?"

టీవీలో యాంకర్లు మాట్లాడే తెలుగు అది. ఒక్కో మాటా ఏరుకుని, తూచి, ఎక్కడా తప్పు రాకుండా మాట్లాడుతోంది. 'చాయ్' అనలేదు. 'బిడ్డా' అనలేదు. ఆవిడకి ఆ తెలుగు వచ్చని నాకు తెలియదు. మా అమ్మతో ఇన్నేళ్ళు గేటు దగ్గర మాట్లాడి నేర్చుకుందో, టీవీ చూసి నేర్చుకుందో. నేను ఎత్తుకెళ్ళడానికి వీల్లేని మాటలు వెతుక్కుని, అవే నా ముందు పెట్టింది.

"పెద్దమ్మా, గట్ల మాట్లాడకు" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

ఆవిడ నా ముఖం చూసింది. కోపం లేదు. బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు చూసింది. "మీరు కూడా అలా మాట్లాడకండి. మీ అమ్మగారు మీకు మంచి తెలుగు నేర్పించారు" అంది.

"తప్పయిపోయింది."

"అవునండి" అంది.

అంతే. 'పర్వాలేదు' అనలేదు, 'ఎందుకు చేశావు' అనలేదు. ఒప్పుకుంది, తప్పేనని. గోడ మీద పెదనాన్న ఫోటో కింద డీవీడీ ప్లేయర్ మీద గుడ్డ కప్పి ఉంది. నేను లేచి నిలబడ్డాను. తలుపు దాకా వచ్చి, "జాగ్రత్తగా వెళ్ళండి" అంది. పదిహేడు మెట్లు పైకెక్కి ఇంటికి వెళ్ళాలి నేను.

నెల తిరక్కుండా నాన్నని పిలిచి ఇల్లు ఖాళీ చేయమంది. "మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నానండి, ఇల్లు అమ్మేస్తున్నాము" అని చెప్పిందట. నాన్న వచ్చి, "ఆవిడ ఎంత మర్యాదగా మాట్లాడిందో" అన్నాడు. అమ్మ, "ఇన్నాళ్ళకి మన తెలుగు వంటబట్టింది" అంది. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. వాళ్ళకి చెప్పలేదు. చెబితే అమ్మ, అంత చిన్నదానికి ఇల్లు ఖాళీ చేయించడమేమిటి అంటుందని తెలుసు.

ఉప్పల్‌లో మెట్రోకి దగ్గరగా ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దెకి దిగాం. మూడో అంతస్తు. కింద ఎవరున్నారో తెలియదు.

అయిదు నెలలు లైవ్ చేయలేదు. మళ్ళీ ఎందుకు మొదలుపెట్టానంటే గొప్ప కారణమేమీ లేదు. సినిమాలు చూడడం మానలేకపోయాను, చూస్తే చెప్పకుండా ఉండలేకపోయాను. ఈసారి ఎవరి గొంతూ లేకుండా కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 'ఏమిటి' అనాలా, 'ఏంది' అనాలా? అమ్మ తెలుగు నా నోట్లో అద్దె బట్టలా ఉంది. రెండోది నోట్లో పెట్టుకునే హక్కు పోగొట్టుకున్నాను. 'వచ్చాడు' అని మొదలుపెట్టి, 'గప్పుడు' అని, నాలుక కరుచుకుని, ఆగి, మళ్ళీ చెప్పాను. వాక్యాలు సగంలో తెగిపోయేవి. చాట్‌లో 'ఆంటీ ఏది', 'ఆంటీని పిలువు', 'ఈమె బోరు' అని వస్తూనే ఉన్నాయి. "ఆవిడ లేరు" అన్నాను. "చచ్చిపోయిందా, అయితే దయ్యమై రావాలిగా" అని ఒకడు రాశాడు. దానికి నవ్వుతున్న బొమ్మలు వంద పడ్డాయి. వాళ్ళకి అలా నవ్వడం నేర్పింది నేనే. ఎవరిని బ్లాక్ చేయను?

వేలు వందలయ్యాయి, వందలు నలభై దాకా దిగాయి. ఆ నలభై మంది నా తడబాటుకి అలవాటు పడ్డారు. నేను ఆగిపోతే ఆగుతారు. సినిమా గురించి నెమ్మదిగా మాట్లాడుకుంటాం. ఒకావిడ ఆ మధ్య రాసింది, "మీ మాట ఏ ఊరిదో తెలియదు గానీ వినాలనిపిస్తుంది" అని. చాలా రోజులు ఎదురుచూసిన మాట అది. చదివి, థాంక్స్ అని టైపు చేశాను. లోపల ఏమీ కదల్లేదు.

ఈ ఎండాకాలంలో ఉప్పల్ రింగ్ రోడ్డు బస్టాపులో పెద్దమ్మ కనిపించింది. చేతిలో మందుల సంచి. బాగా చిక్కిపోయింది. నేను దగ్గరికి వెళ్ళాను.

"పెద్దమ్మా, ఎలా ఉన్నారు?"

"బాగున్నామండి. మీ అమ్మగారు, నాన్నగారు క్షేమమేనా?"

"బాగున్నారు. ఎండలో ఇలా ఒక్కరే వచ్చారేంటి? నేను ఆటోలో దింపుతాను."

"వద్దండి. బస్సు వచ్చేస్తుంది."

ఇద్దరం నిలబడ్డాం. ఇంతలో ఆవిడ ఫోను మోగింది. మనవరాలనుకుంటాను. ఆవిడ నాకు వీపు తిప్పి, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. నాకు వినబడింది.

"ఆఁ, దవాఖానాల అయిపోయింది బిడ్డా. బస్టాపుల ఉన్న. నువ్వు తిన్నవా? ఎందుకు తినలే? నా కోసం ఆగొద్దు బిడ్డా, తినేసెయ్యి."

అన్నాళ్ళూ నేను చేసిన అనుకరణ ఎంత తప్పో అప్పుడు తెలిసింది. ఆ గొంతులో అంత మెత్తదనం ఉందని నేను ఎన్నడూ పట్టుకోలేదు. బస్సు వచ్చింది. ఆవిడ ఫోను సంచిలో వేసుకుని, నా వైపు చూసి తల ఊపి, ఎక్కేసింది. కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉంది.

కొన్నాళ్ళకి పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. నంబరు ఇంకా ఉంచుకుందని ఆశ్చర్యపోయాను.

"గా వీడియో ఇంకా తిరుగుతున్నదట గదా. మా బిడ్డ క్లాసుల ఎవరో పెట్టిన్రట."

"నేను తీసేశాను అక్కా, ఆ రోజే."

"నువ్వు తీసినవ్. లోకం తియ్యలే" అంది. తిట్టలేదు. "నువ్వు పైసలకు చేసినవని మా ఆయన అంటడు. నేను కాదంట. పైసలకు చేసినా సమజయ్యేది" అని పెట్టేసింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం లైవ్‌కి ముందు ఒక గంట అదే పని. నా పాత మాటలు టైపు చేసి వెతుకుతాను. దొరికిన ప్రతి పేజీకీ తీసేయమని ఫారం నింపుతాను. 'ఈ గొంతు మీదేనా?' అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. అవును అని నొక్కితేనే ముందుకి పోతుంది. అవును అని నొక్కుతాను. కొందరు తీసేస్తారు, కొందరు జవాబివ్వరు. కొందరు ఆ ఫారంలో నేను రాసిన విన్నపాన్ని కూడా వీడియో చేసి పెట్టారు. మొన్న ఆదివారం నాలుగు దొరికాయి. రెండు పోయాయి.